మూడో బేసు దగ్గర తుమ్ము

గురువారం, పొద్దున

ఈ రోజు నుంచి నోరు తెరవను. ఆదివారం మనవరాలు అనుప్రియకు లాస్‌పేట మైదానంలో సాఫ్ట్‌బాల్ అంపైర్ పరీక్ష. నిజం మ్యాచే నడపాలి. పెద్ద అంపైర్ సుబ్బరాయన్ పక్కనుండి చూస్తాడట. పోయినసారి తప్పినందుకు పిల్ల సరిగ్గా అన్నం కూడా తినలేదు. గట్టు మీద కిక్కురుమనకుండా కూర్చుంటానని మాటిచ్చాను. ఇదేమంత కష్టం!

సాయంత్రం

అనుప్రియ వాకిట్లో బేసులంటూ పీటలు వేసి పరుగు రూల్సు నేర్పింది. బంతి వేసే పిల్ల బంతిని వదలకముందే పీట మీది కాలు లేస్తే అవుట్. పక్క పీటకు చేరకముందే బంతితో తాకినా అవుట్. నేను ప్రతిసారీ అవుటే. చివరికి మోకాలు పట్టేసింది.

శుక్రవారం

అనుప్రియ స్కూటర్ తీస్తుంటే హెల్మెట్, వాన, కుక్కలు, లారీలు అని నాలుగు మాటలే అన్నాను. ఇల్లు మైదానం కాదు కదా. లెక్కలోకి రాదు.

శనివారం

ఉపాయం! నోట్లో కలకండ పెట్టుకుంటే నోరు మూసుకునే ఉంటుంది. పెట్టుకుని చూశాను. బంతి అనుప్రియకు తగిలితే? అవుట్ ఇచ్చినందుకు ఎవరైనా కొట్లాటకొస్తే? ఆలోచిస్తూ నమిలేశాను. సగం డబ్బా ఖాళీ. నాకు షుగరుందని తర్వాత గుర్తొచ్చింది. అదొక దిగులు.

ఆదివారం, మధ్యాహ్నం

అంతా పాడుచేశాను.

మూడో బేసు మీద పక్కింటి కవిప్రియ ఉంది. బ్యాటు పట్టిన పిల్ల బంతి కొట్టగానే కవిప్రియ చివరి బేసుకు బయలుదేరింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద నా పక్కన కూర్చున్న జయమ్మాళ్ తుమ్మింది. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము! నోట్లో పెట్టుకున్న కలకండ ఎప్పుడో నమిలేశాను. అరిచేశాను.

“తుమ్మినారు పాపా, నిలబడి పో!”

చిన్నప్పటి నుంచి మా గడపలో తుమ్ముకు ఆగిన పిల్ల. ఆగింది. బంతి పట్టుకున్న అమ్మాయి వచ్చి తాకేసింది.

అనుప్రియ అవుట్ ఇచ్చింది. కవిప్రియ జట్టంతా చుట్టుముట్టి, ముసలామె అరుపు వల్లే ఆగింది, మళ్ళీ ఆడించమని గొడవ. పరుగెత్తే పిల్లను ఎవరూ పట్టుకోలేదు, గట్టు మీది అరుపులకు ఆట ఆగదు, అవుట్ అవుటే అంది అనుప్రియ. తర్వాత నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“అవ్వా, లెయ్. గేటు బయటికి పో.”

“యాడికే?”

“గేటు బయటికి. ఆట అయిందాకా లోపలికి రావద్దు.”

చెప్పులు కనబడలేదు. వట్టి కాళ్ళతోనే పోయాను. ఈసారి పరీక్ష తప్పితే నా నోటి వల్లే.

సాయంత్రం

గేటు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అనుప్రియ నా చెప్పులు పట్టుకుని వచ్చింది.

“పాసయినానవ్వా. సొంత అవ్వనే బయటికి పంపినావు, నిన్ను ఇంకేంది పరీక్ష చెయ్యాల అన్నాడు సుబ్బరాయన్ సారు.”

కవిప్రియకు కలకండ ఇవ్వబోయాను. తీసుకోలేదు.

సోమవారం, పొద్దున

వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్. ఈ రోజు నుంచి నోరు తెరవను.

ఇప్పుడే అనుప్రియ స్కూటర్ తీసింది. నాకే తుమ్మొచ్చింది. ముక్కు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, బండి వీధి మలుపు తిరిగేదాకా ఆపాను.

తర్వాత తుమ్మింది లెక్కలోకి రాదు.