నీ నెత్తురులో పాతిన రాళ్లు

తమ్ముడా,

నువ్వు పోయిన తిథి నాడే, నీ జబ్బే వచ్చిన నీ బిడ్డ నెత్తురు కావాలని మందుల కంపెనీవాళ్లు వచ్చారు. దవాఖానలో తీసిన నీ నెత్తురులోంచి జన్యువును వేరు చేశారట. దాన్నీ, అది తయారుచేసే ప్రోటీన్‌నూ తమ పేరున పేటెంటు చేయించుకున్నారట.

"మా తమ్మునిది మీదెట్లయితది?" అన్నాను.

"వేరు చేసింది మేమే కదమ్మా" అన్నాడు పెద్ద సారు.

"వడ్లు చెరిగినామెకు కూలి ఇస్తం. వడ్లే నావంటే చేట గుంజుకుంటం."

కొంగరకలాన్ పొలాల్లో ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు కూడా ముందు హద్దురాళ్లు పాతి, తర్వాతే చేను ఎవరిదని అడిగారు.

"దీంతో చేసే మందు మా పిల్లకు పైసల్లేకుంట ఊకెనే ఇస్తరా?"

"అది కంపెనీ చూసుకుంటుందమ్మా" అన్నాడు సారు, తన బూట్ల వైపు చూస్తూ.

సూది కోసం నీ బిడ్డ చాపిన చేతిని నేనే ముడిచాను. అలాంటి మందు లేకనే నువ్వు పోయావని తెలిసీ ముడిచాను.

నీ అక్క