మూడో మందు

సరితా,

నువ్వు పోయిన రెండేళ్లకు, నీకు రాసిన మందు పేరు ఇవాళ మా సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో వినిపించింది. లారీ డ్రైవర్ యాదయ్య అందరి ముందే అడిగాడు.

"మా ఇంటామెకు మనసు బాగుంటలేదు సార్. రెండు మందులు వాడినా తగ్గలే. గీ మూడోది ఇన్సూరెన్సుల వస్తదా?"

మేనేజరు చీటీలో మందు పేరు పైకి చదివి, "డాక్టర్ లెటర్ పెట్టు, వస్తది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కోదాడలో ఎవరి కంటా పడొద్దని నిన్ను సూర్యాపేటలో చూపించాను. అక్కడి డాక్టరు నీకూ అలాంటి లెటరే ఇచ్చాడు. "ఆఫీసుల ఏమన్నరు?" అని నువ్వడిగితే "ఇయ్యరంట" అన్నాను. "పోనియ్యుండ్రి, మీరు పరేషాన్ కాకుండ్రి" అని నన్నే ఓదార్చావు. అంత ఖరీదైన ఆ మందు మనింటికి రానే లేదు.

నిజానికి నేనెవరినీ అడగలేదు. నీ జబ్బు పేరు తెలిస్తే నన్నేమనుకుంటారోనని ఆ లెటర్ నా సొరుగులోనే దాచాను.

సాయంత్రం నేను యాదయ్య ఫారం నింపుతుంటే అతను వంగి మెల్లగా అన్నాడు: "మేడంకు గూడ గిట్లనే ఉండె గద సార్, మాకందరికి ఎరుకే. మీరు ఆమెకు ఇప్పిచ్చిర్రు గదా అన్న ధైర్యంతోనే అడిగిన."

అవునన్నాను.