మసి అంటని చేతులు

ఆదివారం, రాత్రి

ఏండ్లుగా షెడ్డులో తుప్పుపట్టిన బొగ్గు ఇంజనును బాగుచేసి ఈరోజు మళ్ళీ మెయిన్ లైను మీద నడిపారు. అందులో బొగ్గు వేసే పని చేసిన పాత ఫైర్‌మన్ అని మా ఆయనను పిలిచారు. లాల్‌దర్వాజా నుంచి ఆటోలో పోయాం. దారంతా ఆయన ముఖంలో నవ్వే.

కొబ్బరికాయ కొట్టాక డ్రైవరు కేకేశాడు. "బాపూ, పైకి రా. మొదటి పార బొగ్గు నువ్వే ఎయ్యాలె."

ఆయన మెట్టు మీద కాలు పెట్టాడు. నేను వెనక నుంచి అంగీ పట్టుకున్నాను. "వద్దు బిడ్డా, ఈయనకు పొగ పడదు, దమ్మొస్తది. జారితే ఎట్ల?"

"మేమున్నం గదమ్మా!"

నేను వదల్లేదు.

"పోనీ తియ్యి భాయ్," అన్నాడు ఆయన. "ఇంజన్ను ఆపొచ్చు గని ఈమెను ఆపలేం." అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

బండి కూతపెట్టి వెళ్ళిపోయింది. అంత పొగలోనూ ఆయనకు దగ్గు రాలేదు.

డ్యూటీ ఉన్న రోజుల్లో మసి పోయేదాకా చేతులు కడగనిదే అన్నం ముట్టేవాడు కాదు. ఈరోజూ ఇంటికి రాగానే నల్లా తిప్పాడు. చేతులు చూసుకుని కట్టేశాడు.

"కడుక్కోవా?" అన్నాను.

"మసి యాడంటింది? అన్నం పెట్టు."

పడుకున్నాడు. మళ్ళీ పిలుస్తారో లేదో. పిలిస్తే నేను అంగీ వదలగలనో లేదో, అదే ఫికరు...