జొన్నల గురించి నువ్వు చెప్పిన మాటలు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు విశ్వవిద్యాలయంలో పరిశోధనల ప్రదర్శన ఉందంటే శంషాబాద్‌లో బస్సెక్కి వెళ్లాను. ఒక గదిలో మన కొత్వాల్‌గూడ చేను మట్టిని పరీక్షిస్తున్నారు. పక్క గదిలో నువ్విచ్చిన పచ్చజొన్న విత్తనాలను మొలకెత్తించారు. మన ఒక్క చేను గురించి ఇంతమంది, ఇన్ని రకాలుగా, ఇంత శ్రద్ధగా ఆలోచిస్తుంటే ఆశ్చర్యపోయాను.

చివరికి తెలుగు శాఖకు వెళ్లాను. పల్లె మాటలు సేకరించడానికి మనింటికొచ్చిన అమ్మాయి నన్ను గుర్తుపట్టింది.

"అక్కా, జర కూసో. పెద్దమ్మ మాటలు ఇనిపిస్త" అంది.

అప్పుడు మనింట్లో రికార్డు చేసిన నీ గొంతు వినిపించింది. "జొన్నల గురించి గిన్ని సంగతులు రాసుకుంటున్నవేంది బిడ్డా? ముందుగాల రొట్టె తిను."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మల్లొక్కసారి పెట్టు చెల్లె" అని అడిగాను.