ఏడో నంబరు గుమ్మంలో గళ్ళుప్పు

కార్లో ఊరు, ఐర్లండ్,
మంగళవారం.

మన ఇళ్ళ కమిటీ సెక్రటరీ రామ్మోహన్‌కి, ఏడో నంబరు ఇంట్లో ఉంటున్న చాముండేశ్వరి ఆశీర్వదించి రాయిస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టబోయారు మా అల్లుడు శ్రీధర్‌గారు. కొట్టేయమన్నాను. క్షేమంగా ఉంటే నీకు ఉత్తరం ఎందుకు బాబూ?

నిన్న ఫోన్ చేయిస్తే ఇక్కడివాళ్ళలా "గ్రాండ్ అమ్మా, అంతా గ్రాండ్" అని పెట్టేశావు. ఫోన్‌లో అన్నమాట తర్వాత అనలేదనొచ్చు. కాగితం మీద ఉంటే అలా కుదరదు. అందుకని నేను చెబుతుంటే అల్లుడుగారు రాస్తున్నారు. నాకు చదువు లేదు గానీ, రాసింది మళ్ళీ చదివించుకుని వింటాను. ఒక్క మాట తగ్గినా పట్టుకుంటాను.

నేను మండపేట నుంచి మా సుధేష్ణ పురిటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆదివారం బారసాల. నా వీసా మూడు నెలలే. మార్చిలో నన్ను విమానం ఎక్కించేస్తారు. ఆ తర్వాత ఈ పసిగుడ్డుని కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు ఎవరా అని నాకు ముందునుంచే బెంగ. దాని మీద ఇప్పుడు ఇదొకటి.

మొన్న ఆదివారం మంచు పడింది. నేను మంచు చూడడం ఇదే మొదలు. వానైతే వస్తున్నానని చెప్పి వస్తుంది. ఇది చప్పుడు లేకుండా వచ్చి ఊరంతా కప్పేసింది. సోమవారం తెల్లవారాక తలుపు తీస్తే గడప నుంచి గేటు దాకా గళ్ళుప్పు! మట్టిరంగు ఉప్పు. ఎవరింట్లోనో దిష్టి తీసి, నాలుగు దారుల కూడలిలో పారేయాల్సిన ఉప్పుని తెచ్చి బాలింత ఉన్న గుమ్మంలో పోశారు. మీ కరీంనగర్‌లో మాత్రం దీని అర్థం తెలియదా?

ఇంకా ఉంది. మంచులో దారి అంచున అడుగులున్నాయి. చిన్న పాదాలు. ప్రతి అడుగు పక్కనా కర్ర పొడిచిన గుంట. గేటు దగ్గర నుంచి గడప దాకా వచ్చాయి. వచ్చి ఆగిపోయాయి. తిరిగి వెళ్ళిన అడుగులు లేవు. వంగి వంగి వెతికాను, లేవంటే లేవు. వచ్చిన మనిషి ఎటు పోయినట్టు? ఇవాళ కూడా అంతే.

నా జవాబు నేను చెప్పాను. ఎర్రనీళ్ళు తిప్పి గేటు దగ్గర పారబోశాను. నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది రెండు పక్కలా పెట్టాను. ఇక నువ్వు చెప్పాల్సిన జవాబు ఉంది. ఆ ఉప్పు పోసేదెవరో పట్టుకుని మాన్పించు.

ఇట్లు,
చాముండేశ్వరి (వేలిముద్ర)

మరిచాను: ఇంట్లో సిరా లేదట. కుంకుమ తడిపి వేలిముద్ర వేశాను. అది చూసి హడలిపోకు.

మరొకటి: సున్నం దొరక్క పసుపునీళ్ళలో అల్లుడుగారు వంటసోడా కలిపారు. భేషుగ్గా ఎర్రబడింది. ఆయనకి చేతనైన పని ఒకటి కనబడింది.

(చెప్పినది చెప్పినట్టే రాశాను. – శ్రీధర్)

---

22వ నంబరు,
బుధవారం.

చాముండేశ్వరమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. తలుపు కింద ఎర్రటి వేలిముద్ర కనపడేసరికి మా ఆవిడ కేక పెట్టింది. అడుగున మీరు రాయించిన మాట ఆమె ఇంకా చదవలేదు కదా.

అమ్మా, ఈ దేశంలో ఉప్పు చల్లేది దిష్టికి కాదు, కాలు జారకుండా. ఉప్పు పడితే మంచు గడ్డకట్టదు. రోడ్ల మీద లారీలతోనే చల్లుతారు. ఎవరో మంచి మనసుతో మీ మెట్టు మీద చల్లి ఉంటారు. తిరిగి వెళ్ళిన అడుగులు లేవంటే, వచ్చేటప్పుడు అంచున నడిచి వచ్చి, పోయేటప్పుడు దారి నడుమ ఉప్పు చల్లుకుంటూ పోయుంటారు. నడుమ మంచు కరిగింది, దాంతోపాటు అడుగులు కూడా కరిగాయి. అంతే.

ఎవరన్నది మాత్రం నాకు తెలియదు. కమిటీ ఉప్పుపెట్టెకి తాళం ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. పెట్టె నేను తెరవలేదు.

అయినా మీ తృప్తి కోసం "ఏడో నంబరు గుమ్మంలో దయచేసి ఎవరూ ఉప్పు వేయవద్దు" అని ఇంగ్లీషులో నోటీసు అచ్చువేసి ఈ పూట ప్రతి ఇంటి తలుపులోనూ వేశాను.

ఇట్లు, మీ విధేయుడు,
రామ్మోహన్

తా.క.: మీ ఎర్రనీళ్ళు తెల్లటి మంచు మీద రక్తం మడుగులా ఉన్నాయట. పోస్టుమాన్ చూసి ఇక్కడి పోలీసులకి, అదే గార్డులకి, ఫోన్ చేశాడు. వాళ్ళు వస్తే దయచేసి కేకలు వేయకండి.

---

కార్లో,
గురువారం.

రామ్మోహన్‌కి చాముండేశ్వరి దీవించి రాయించేది.

ఇది అల్లుడుగారు బోర్లా పడుకుని రాస్తున్నారు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. కారణం కింద చెబుతాను.

గార్డులు వచ్చారు. ఆడమనిషి ఒకతె, మగమనిషి ఒకడు. నేనేం కేకలు వేయలేదు. వాళ్ళే నిమ్మకాయని చూసి గుసగుసలాడుకుని ఫొటో తీశారు. దాన్ని ఒక సంచీలో వేసి మూతి అంటించి పట్టుకుపోయారు. దిష్టి తీసిన నిమ్మకాయని అంత భద్రంగా ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళని నేను పుట్టాక చూడలేదు. వాళ్ళకేమైనా అయితే నా పూచీ లేదని రాసి ఉంచు.

ఇక అసలు సంగతి. నీ నోటీసు పనిచేసింది. ఇవాళ తెల్లారేసరికి ఉప్పు లేదు, అడుగులు లేవు. చూశావా, నేను గట్టిగా అడిగితే అంతే అనుకున్నాను. పిల్లని డాక్టరుకి చూపించాలని బయలుదేరాం. పిల్ల నా చేతుల్లో ఉంది. నేను ముందు కాలు పెట్టబోతుంటే గొడుగు పడతానని అల్లుడుగారు ముందు దిగారు. మెట్టు మీద అద్దంలాంటి గడ్డ. కంటికి కనపడదు. మనిషి గేటు దాకా కూర్చునే వెళ్ళారు.

ఆయనకి నడుం కింద వాచింది, తగ్గిపోతుంది. కానీ ఆ కాలు నాదైతే? ఆ చేతుల్లో ఉన్నది ఎవరు బాబూ? అప్పటి నుంచీ పిల్లని ఒళ్ళోంచి దించలేదు. ఇది రాయక్కర్లేదన్నాను, అల్లుడుగారు రాసేశారు.

ఉప్పు పోసే మనిషి ఎవరో నాకు తెలిసిపోయింది. మా ఎదురింట్లో, ఎనిమిదో నంబరులో, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటుంది. తెల్లజుట్టు, గుండ్రటి కళ్ళజోడు. ఒళ్ళో పసుపుపచ్చ ఊలు పెట్టుకుని ఏదో అల్లుతూ ఉంటుంది. సోమవారం నాకు చెయ్యి ఊపింది. దిష్టి పెడుతోందనుకుని నేను గుడ్లురిమాను. ఇవాళ అల్లుడుగారు పడ్డప్పుడు ఆవిడ లేచి నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఒక కాగితం తీసి అద్దానికి ఆనించి నాకు చూపించింది. నీ నోటీసే. మీరు వద్దంటేనే మానేశాను కదా అన్నట్టు మొహం పెట్టింది. నాకు సిగ్గేసింది.

నువ్వు వెళ్ళి ఆవిడ భాషలో చెప్పు, మళ్ళీ ఉప్పు వేయమని. నాదే తప్పు అని చెప్పకు. పొరపాటు నోటీసు కొట్టినవాడిదని చెప్పు.

ఇట్లు,
చాముండేశ్వరి (వేలిముద్ర)

మరిచాను: అంత ముసలావిడ ఈ చలిలో దీపం లేకుండా కూర్చుంటుంది. కరెంటు పోయిందేమో కనుక్కో.

---

22వ నంబరు,
శుక్రవారం.

చాముండేశ్వరమ్మ గారికి.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. శ్రీధర్ గారూ, ఇది మీరు ముందు చదువుకుని, అమ్మగారికి ఎంతవరకు చదివి వినిపించాలో ఆలోచించండి. సుధేష్ణ గారికి మాత్రం చెప్పకండి.

ఎనిమిదో నంబరులో ఎవరూ లేరు. నోరా అనే పెద్దావిడ ఉండేది, ఒంటరిగా. ఎనభై రెండేళ్ళు. మంచు పడితే చాలు, కర్ర పొడుచుకుంటూ సొంత సంచీలోంచి వీధిలో అందరి మెట్ల మీదా ఉప్పు చల్లేది. పోయిన జనవరిలో ఆమె సంచీ అయిపోయింది. కమిటీ పెట్టెలో ఉప్పు ఉంది. దాని తాళంచెవి నా జేబులో ఉంది, నేనేమో మా అన్న గృహప్రవేశానికని కరీంనగర్‌లో ఉన్నాను. ఆమె తన మెట్టు మీదే జారిపడింది. ఎవరో చూసేసరికి చాలాసేపయింది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

ఈ సంగతి ఇప్పటిదాకా నేను ఎవరితోనూ అనలేదు.

ఆమె తమ్ముడి కొడుకు కార్క్ నగరంలో ఉంటాడు. ఇంటి తాళం నా దగ్గర పెట్టాడు. నోటీసు ఆ తలుపులో కూడా అలవాటుగా వేసేశాను. మీ ఉత్తరం చదివి, ఎవరో దొంగచాటుగా ఉంటున్నారనుకుని మధ్యాహ్నం వెళ్ళాను. వాకిట్లో మంచు మీద, నోటీసు వేసినప్పటి నా అడుగులు తప్ప, పిట్ట అడుగు కూడా లేదు. లోపల అంతా దుమ్ము. కిటికీ దగ్గర కుర్చీలో మాత్రం దుమ్ము లేదు. అక్కడ పసుపుపచ్చ ఊలు ఉంది. పసిపిల్లల మేజోడు ఒకటి పూర్తయింది, రెండోది సగంలో సూదుల మీద ఉంది. నా నోటీసు కుర్చీ చేతి మీద మడత విప్పి ఉంది, దాని మీద కళ్ళజోడు. వంటింట్లో అల్మరా తెరిస్తే ఉప్పు సంచీ, సగం. తలుపు వెనక చిన్న బూట్లు, తడిగా.

నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని చేస్తాను. ఇలాంటివి నమ్మేవాణ్ణి కాదు. తలుపు తాళం వేశానో లేదో గుర్తులేదు. మళ్ళీ వెళ్ళి చూడను.

మీకు భయంగా ఉంటే బారసాల మా ఇంట్లో చేసుకోండి.

ఇట్లు,
రామ్మోహన్

తా.క.: మా ఆవిడ నన్ను కమిటీకి రాజీనామా చేయమంటోంది. రాజీనామా పత్రాన్ని అన్ని తలుపుల్లోనూ వేయవద్దంటోంది.

---

కార్లో,
సోమవారం.

రామ్మోహన్‌కి చాముండేశ్వరి మనసారా దీవించి రాయించేది.

అల్లుడుగారు నీ ఉత్తరాన్ని ముక్కలు ముక్కలుగా చదువుతుంటే అనుమానం వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదివించాను. ఓరి పిచ్చివాడా! పోయిన మనిషని మొదటే చెప్పొద్దూ? వారం రోజులు నా ప్రాణం తోడేశావు. బతికున్నవాళ్ళ కంటికి భయపడాలి గానీ, పోయినావిడకి నా మనవరాలి మీద ఈర్ష్యేముంటుంది? ఆ ఎర్రనీళ్ళు, నిమ్మకాయలూ అన్నీ దండగ.

నిన్న బారసాల ఇక్కడే జరిగింది. పిల్లకి ఆశ్రిత అని పేరు పెట్టాం. నువ్వు రాలేదు. మీ ఆవిడ వీధి చివర నుంచే అక్షతలు వేసిందట.

భోజనాలు కాకముందే మా పేరు చెక్కిన స్టీలు గిన్నెలో పరమాన్నం పోసి, అల్లుడుగారు వద్దంటున్నా ఎదురింటికి వెళ్ళాను. మెట్టు మీద పెట్టి చెప్పాను. "వదినగారూ, మంచి మనసుతో చేసిన పనికి నోటికొచ్చినట్టు అన్నాను. మనసులో పెట్టుకోకండి. ఇవాళ పిల్లకి పేరు పెట్టాం. మీరు ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి. నేను మార్చిలో వెళ్ళిపోతాను, మీరు పెద్దవారు." ఆవిడకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరం ముసలివాళ్ళం, అర్థమవుతుంది.

ఇవాళ తెల్లవారి తలుపు తీస్తే మెట్టు నిండా ఉప్పు. గడప పక్కనే మా గిన్నె, తోమి బోర్లించి ఉంది. గిన్నె తిరిగొచ్చింది, ఇక అయిపోయిందని అల్లుడుగారు ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం అది ఎత్తి చూశాను. ఎవరింటి గిన్నైనా ఖాళీగా తిరిగివ్వకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో! దాని కింద పసుపుపచ్చ మేజోళ్ళు ఉన్నాయి. జత. రెండోది కూడా పూర్తి చేసేసింది. పిల్ల పాదాలకి కొలిచినట్టు సరిపోయాయి.

నీకొక మాట. ఆ తాళంచెవి ఏడాదిగా నీ గుండె మీద బరువైపోయింది. పెట్టెకి తాళం తీసి పారెయ్. ఉప్పుకి తాళమేమిటయ్యా? మంచు పడినప్పుడల్లా నీ చేత్తో వీధిలో అందరి గుమ్మాల్లో చల్లు. ముందు ఎనిమిదో నంబరుతో మొదలుపెట్టు.

ఇట్లు,
చాముండేశ్వరి (వేలిముద్ర)

మరిచాను: నువ్వు చెప్పిన కరిగిపోయే అడుగుల లెక్క తప్పు. ఇన్నాళ్ళూ అడుగులు గడప దగ్గర ఆగేవి. ఇవాళ ఆగలేదు. గడప దాటి, హాల్లో తివాచీ మీద తడి తడిగా ఉయ్యాల దాకా ఉన్నాయి. తిరిగి వెళ్ళినవి లేవు. చెప్పుల స్టాండు పక్కన ఒక చేతికర్ర ఆనించి ఉంది. అది మాది కాదు. ఉండనీ. బయట ఎంత చలి! ఇక మార్చిలో నేను బెంగ లేకుండా విమానం ఎక్కుతాను.

(ఇది అత్తగారు చెప్పింది కాదు, ఆవిడ లోపల ఎవరికో టీ కలుపుతుంటే నేను సొంతంగా రాస్తున్నది. రామ్మోహన్ గారూ, ఎనిమిదో నంబరు ఇప్పుడు పూర్తిగా ఖాళీ అయినట్టే కదా? అద్దెకిస్తారేమో ఆ కార్క్ ఆయన్ని అడిగి చెప్పండి. ఈ సాయంత్రమైనా మేం మారడానికి సిద్ధం. – శ్రీధర్)