మూట ఎత్తే పద్ధతి

పుత్తూరు,
ఆదివారం.

బావకు జయంతి రాస్తున్నది. ఇక్కడ మామ, అత్త, పాప, నేను అందరం బాగున్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. నీ ఒళ్ళు కనిపెట్టుకుని చూడ్డానికి సూళ్లూరుపేటలో మనిషి ఉందిగా!

ఫోన్లో అయితే నేను అరుస్తానని ఉత్తరం రాశానన్నావు. సరే, నేనూ కాగితం మీదే అరుస్తాను. ఈ ఇంట్లో ఫోన్ మాట్లాడితే కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా చెవులు రిక్కిస్తారు. పాప దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. మామ కోపం మాత్రం తగ్గలేదు. "వాడు కంపెనీలో పెట్టెలు మోసేదానికి పోయినాడు, ఈ ఎముకల కట్టు నాతోనే ఆఖరు" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా గొణుగుతున్నాడు.

ఇక నీ అసలు ప్రశ్న. పోయిన సెలవులో ఎందుకు మూతి ముడుచుకున్నావన్నావు. ఎందుకా? నూనె వెచ్చబెట్టి తెస్తే, "వద్దులే జయంతీ, పట్టేసిన కండను అట్ల రుద్దగూడదని మా కంపెనీలో ఒళ్ళునొప్పులు చూసే కృపామణి మేడం చెప్పినాది" అన్నావు. పెళ్ళయినప్పటి నుంచి ఆ వీపు రుద్దింది నేను. ఇప్పుడు దానికి ఇంకొకామె సలహాలా? అంతటితో ఊరుకున్నావా, హాల్లో బియ్యం మూట పెట్టుకుని, "నడుము వంచగూడదు, మోకాళ్ళు వంచాల, మూటను ఒంటికి ఆనించుకోని లెయ్యాల" అని అత్తకూ పక్కింటి చిన్నబ్బకూ పాఠం చెప్పావు. మొదట్లో నువ్వు వంకరగా నిలబడితే ఆమే భుజాలు పట్టుకుని సరిచేసిందని నవ్వుతూ చెప్పావు చూడు, అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. కుళ్ళే బావా. దానికి వేరే పేరు పెట్టను.

ఇప్పుడొక సంగతి రాస్తాను, మామకు తెలియనీయకు. మంగళవారం తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరకని చెప్పి, సూళ్లూరుపేట వచ్చాను. నువ్వు డ్యూటీలో ఉన్నావు. మీ కంపెనీ గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. ఆమె టీకని వస్తే మెడలోని కార్డు మీద పేరు చూసి గుర్తుపట్టాను. మనిషి చక్కగానే ఉంది, అదీ రాసేస్తున్నా. "నేను భానుచందర్ పెండ్లాన్ని" అని మొహం మీదే అనేయాలని బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో! తీరా కింద పెట్టిన సంచి అందుకుని లేవబోతే నడుము పట్టేసింది. సగం వంగి అలాగే ఆగిపోయాను.

ఆమె గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "యాడమ్మా నొప్పి? ఎన్నాళ్ళుగా ఉండాది?" అంది.

అందరూ చూస్తుండగా ఏడ్చేశాను. మన గడప తొక్కిన ప్రతివాణ్ణీ మామ మొదట అడిగేది ఆ మాటే కదా. మామ ఎముక సరిచేస్తుంటే కదలకుండా పట్టుకునేది నేను. లేవలేని మగవాళ్ళను బల్ల మీదికి ఎక్కించేది నేను. ఆకు నూరేదీ నేనే. అలాంటి ఇంట్లో ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నువ్వూ అడగలేదు. ఆ రోజు పాఠం అయిపోగానే మూట హాల్లోనే వదిలేసి స్నానానికి పోయావు. దాన్ని లోపలికి మోసింది నేను. నడుము వంచే మోశాను.

ఆమెకు నీ పేరు చెప్పలేదులే, భయపడకు. ఆమె మీద కుళ్ళు అక్కడే పోయింది. ఇప్పుడున్నది నీ మీద. నీకెక్కడ నొప్పి అని అడగడానికి మీ కంపెనీ జీతమిచ్చి మనిషిని పెట్టింది. నాకున్నది నువ్వొక్కడివే.

వచ్చే సెలవుకు తప్పకుండా రా. పాఠాలు వద్దు. గుమ్మంలో బూట్లు విప్పకముందే నన్ను ఆ మాట అడుగు. అడగడం చేతకాకపోతే, మీ మేడం దగ్గర అది కూడా నేర్చుకుని రా.

ఇట్లు,
నీ మేనత్త కూతురు,
జయంతి