మొగలి చాప

సాల్ట్ లేక్ సిటీ

అన్నయ్యకు నళిని నమస్కారాలు. ఇక్కడ మేమందరం కులాసా. ఆ చలి ఊళ్లో, నోవైలో, నువ్వూ వదినా, మీ ఊరి మంచూ క్షేమమని తలుస్తాను. ఫోన్ ఎత్తకపోయినా ఉత్తరం రాశావు, అదే పదివేలు.

"మీ అదితిని చేసుకునే కుర్రాడి తాత ఏ రాజ్యాన్ని ఏలుతున్నాడు?" అని వెటకారంగా అడిగావు. లఫాయెలే గారు సమోవా దీవులవారు, వాళ్ల వంశానికి పెద్ద. కొడుకైనంత మాత్రాన ఆ పెద్దరికం రాదట. కుటుంబమంతా కూర్చుని ఆయనకి కట్టబెట్టింది. ఇక్కడ వారమంతా స్కూల్ బస్సు నడుపుతారు. ఆదివారం మాత్రం మనవలందరినీ నేలమీద కూర్చోబెట్టి, ముత్తాతల పేర్లు వాళ్ల భాషలో చెప్పిస్తారు. చెప్పలేనివాళ్లకి భోజనం ఆలస్యమే! మొన్న అదితి కూడా వాళ్ల మధ్య కూర్చుని, వచ్చీరాని తెలుగులో "మా తాత పేరు రంగయ్య" అని మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది అన్నయ్యా.

ఇక నిశ్చితార్థం సంగతి. వాళ్లు ఒక చాప తెచ్చారు. మొగలి ఆకుల్ని సన్నగా చీల్చి, ఆయన నాయనమ్మ ఏళ్లతరబడి అల్లిందట. పట్టుబట్టలా మెత్తగా ఉంది. చాప అంటే నాకు తెలిసింది ఒకటే కదా! గబగబా హాల్లో పరిచి, "రండి, కూర్చోండి" అన్నాను. అందరూ కొయ్యబారిపోయారు.

అదితి నా చెవిలో గొణిగింది. "మామ్, ప్లీజ్, దాని మీద ఎవరూ సిట్ చెయ్యరు. అది వాళ్లకి గోల్డ్ కన్నా ఎక్కువ!"

నాకు తల కొట్టేసినట్టయింది. లఫాయెలే గారు మాత్రం పక్కనే వట్టి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "తప్పు నాదమ్మా, దీని కథ చెప్పకుండా మీ చేతికిచ్చాను" అన్నారు. అల్లిన నాయనమ్మ పేరు, అది ఎవరి పెళ్లికి వెళ్లిందో, ఎవరి చావుకి తిరిగొచ్చిందో అన్నీ చెప్పారు. చెప్పే మనిషి లేకపోతే అది ఉత్త చాపేనట. నిండు సభలో నా పరువు కాపాడినందుకు ఆయనకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

తర్వాత, "పిల్ల మేనమామ ఏరీ?" అని అడిగారు. కులంకాని కులం, దేశంకాని దేశమని నీకు కోపం వచ్చిందనీ, పెళ్లికి రానన్నావనీ చెప్పేశాను. ఆయన చాపని జాగ్రత్తగా మడిచి, తిరిగి ఒళ్లో పెట్టుకున్నారు.

"మాలో తోబుట్టువంటే అన్నకి కంటిలో పాప. మీ అన్నని వదిలేసి ఈ చాప మీ ఇంట్లో ఉండకూడదు" అన్నారు.

ఇప్పటిదాకా దాచిన మాట ఇదే. నీ అడ్రస్ నేనే ఇచ్చాను. ఈ శనివారం ఆయన ఫ్లైట్ దిగి మీ ఇంటికి వస్తున్నారు, ఆ చాప నీ చేతుల్లో పెట్టడానికి. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాన్న పోయాక నన్ను చదివించావు. మనకి మేనమామలు లేకపోతే నా పెళ్లిలో నన్ను కూర్చోబెట్టిన గంప కూడా నువ్వే ఎత్తావు. అవన్నీ నేను మర్చిపోలేదు, మర్చిపోలేను. ఆయన వస్తే లోపలికి పిలువు. చాప మాత్రం పరవకు, రెండు చేతులా అందుకో. అదితికి గంప కొనేశాను. దాన్ని ఎత్తాల్సింది నీ ఆ రెండు చేతులే.

ఇట్లు,
నీ చెల్లెలు
నళిని